బంగారు గనుల ఊళ్ళో పూటకూటి ఇల్లు

‘హోటలు’ అన్న ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చి తన అర్థాన్ని సగానికి పైగా పోగొట్టుకుంది. దొరలకు హోటలంటే ముందుగా పడుకునే చోటు; తిండి ఆ తరువాతి సంగతి. మన చిత్తూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాల్లో హోటలంటే తినే చోటు మాత్రమే. పడుకోవాలంటే సత్రానికి పోవాలి, చేతిలో డబ్బుంటే లాడ్జికి పోవాలి. ‘హోటల్లో దిగాను’ అంటే మా పెద్దవాళ్ళు నవ్వేవారు. హోటల్లో దిగడమేమిటి, నాలుగు ఇడ్లీలు తిని లేచి రావాలి గాని!

ఈ అర్థభేదాన్ని గురించి ఆలోచిస్తూ ఉండగా నా మనస్సు మాకు పొరుగునే ఉన్న కోలారు బంగారు గనుల మీదికి పోయింది. చిత్తూరు జిల్లా పశ్చిమపు అంచు దాటితే వచ్చేది ఆ గనుల సీమే. కుప్పం నుంచి రైలెక్కితే బిసానత్తం దాటి బంగారుపేట, అక్కడ నుంచి చీలిపోయే చిన్న దారిలో ఉరిగాం, ఛాంపియన్ రీఫ్, చివరన మారికుప్పం. పేరుకు కర్ణాటకలో ఉన్నా, ఆ వీధుల్లో తమిళమూ తెలుగూ వినబడినంతగా కన్నడం వినబడదు. తమిళులు మొదటినుంచీ ఎక్కువ. వారి తరువాత చెప్పుకోవలసినవారు మన వైపునుంచి వెళ్ళిన తెలుగువారు. అటువంటి పట్టణంలో, బంగారం తవ్వకం మొదలైన తొలిరోజుల్లో, హోటలు అనే సంస్థ ఏ రూపంలో వెలిసింది? ఎవరి కోసం వెలిసింది? ఈ ప్రశ్నను పట్టుకొని పోతే నాకు కనబడిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా లోకంలోని ఇతర బంగారు పట్టణాల సంగతి కొంత చెప్పుకోవాలి. లేకపోతే కోలారు ప్రత్యేకత తెలియదు.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రాన బాలారాట్ అనే ఊరుంది. 1851లో అక్కడ బంగారం బయటపడింది. మూడేళ్ళు తిరిగేసరికి గుడారాల మధ్య పెద్ద కట్టడమొకటి లేచింది. దాని పేరు యురేకా హోటలు. యజమాని జేమ్స్ బెంట్లీ, పూర్వం శిక్ష అనుభవించి విడుదలైన ఖైదీ. 1854 అక్టోబరు 7 తెల్లవారుజామున జేమ్స్ స్కోబీ అనే స్కాట్లండు తవ్వకపుకూలీ ఆ హోటలు సమీపంలో హత్యకు గురయ్యాడు. నేరం బెంట్లీ మీద పడింది. మేజిస్ట్రేటు అతడిని వదిలేశాడు. ఆ మేజిస్ట్రేటుకూ బెంట్లీకీ లోపాయికారీ సంబంధాలున్నాయని జనం నమ్మారు. అక్టోబరు 17న వేలమంది గుమిగూడి హోటలును తగలబెట్టారు. ఆ మంట అక్కడితో ఆరలేదు. లైసెన్సు రుసుముల మీద అంతకు ముందే రగులుతున్న కోపం దానికి తోడై డిసెంబరు 3న యురేకా తిరుగుబాటుగా పరిణమించింది. ఇరవైమందికి పైగా తవ్వకపువారు సైన్యం చేతిలో చనిపోయారు. ఆస్ట్రేలియా ప్రజాస్వామ్య చరిత్రను ఈనాటికీ ఆ ఘటన నుంచే చెప్పేవారున్నారు. అంటే ఆ దేశపు రాజకీయ చరిత్రలో ఒక అధ్యాయం ఒక హోటలు వాకిట్లో మొదలైందన్నమాట.

ఇంకొకటి కెనడా ఉత్తరపు కొసన ఉన్న డాసన్. క్లాండైక్ బంగారం కోసం జనం మంచుకొండలు దాటి పరుగెత్తిన రోజులవి. ఐర్లండులో పుట్టిన బెలిండా మల్‌రూనీ అనే స్త్రీ 1898లో అక్కడ ఫెయిర్‌వ్యూ హోటలు తెరిచింది. విద్యుద్దీపాలు, ఆవిరితో వెచ్చబడే గదులు, వెండి సామాను. గదుల మధ్య గోడలు మాత్రం గుడ్డమీద రంగుకాగితం అతికించినవి. పక్కగదిలో గుసగుసలు సైతం వినబడేవట! బంగారు పొడిని తూచి గదికి అద్దె కట్టే కాలమది. ఆ ఊరి సారాయి అంగళ్ళ నేల ఊడ్చిన దుమ్మును కడిగితే అందులోనూ బంగారం రాలేదని చెప్పుకొంటారు.

ఇప్పుడు కోలారుకు వద్దాం.

ఇక్కడి బంగారం సంగతి ఇంగ్లీషువారి చెవిన వేసినవాడు లెఫ్టినెంట్ జాన్ వారెన్. టిప్పు సుల్తాను పతనం తరువాత, 1802లో, మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును కొలిచే పని మీద వచ్చాడు. పల్లెల్లో మట్టి కడిగి బంగారం తీస్తారని విని, చూపినవారికి బహుమానం ఇస్తానన్నాడు. ఉరిగాం గ్రామస్థులు బండెడు మట్టి తోలుకొని వచ్చి అతని కళ్ళెదుటే కడిగి పసిడి రేణువులు చూపించారు. అతడు వేసిన లెక్క ప్రకారం సుమారు 56 కిలోల మట్టికి ఒక గ్రెయిను బంగారం, అనగా గ్రాములో పదిహేనో వంతు. (ఈ వారెన్ సామాన్యుడు కాడు. పుట్టుకచేత ఫ్రెంచివాడు. తరువాత మద్రాసు నక్షత్రశాలను నడిపి, మన పంచాంగ గణితం మీద 1825లో ‘కాలసంకలిత’ అనే పెద్ద గ్రంథం ప్రకటించాడు. మన తిథివార నక్షత్రాల లెక్కా, మన నేల కింది బంగారం లెక్కా ఒకే మనిషి చేతిలో పడడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.)

అరవై ఏళ్ళకు పైగా ఆ నివేదిక కాగితాల్లోనే పడి ఉంది. దాన్ని చదివి కదిలినవాడు మైకేల్ ఫిట్జెరాల్డ్ లవెల్ అనే ఐరిష్ సైనికుడు. న్యూజిలాండు మావోరీ యుద్ధాల్లో పనిచేసి బెంగుళూరు దండులో విశ్రాంతిగా స్థిరపడ్డాడు. న్యూజిలాండులో ఉండగానే అతనికి బంగారపు తవ్వకాల మీద ఆసక్తి పట్టుకుంది. 1871లో బెంగుళూరు నుంచి ఎద్దుబండి మీద కోలారు సీమకు వచ్చి పాత గుంతలు చూసుకొని పోయాడు. 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. 1875లో ఇరవై ఏళ్ళకు అనుమతి దొరికింది. అంత లోతు తవ్వే పెట్టుబడి అతనికెక్కడిది? 1877 నాటికి ఆ హక్కు బెరెస్‌ఫర్డ్ ప్రభృతులైన సైనికాధికారుల బృందానికి చేరింది. వారివల్లా కాలేదు. 1880 ప్రాంతంలో లండను నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ వారు వచ్చారు. లవెల్ పేరు ఈనాడు బెంగుళూరులోని ఒక ఖరీదైన వీధికి మిగిలింది.

టేలర్ కంపెనీకి కూడా మొదటి నాలుగైదేళ్ళు నష్టాలే. వాటాదారులు విసిగి డబ్బు వెనక్కి తీసుకుందామనుకుంటున్న దశలో, మైసూరు గనిలో కెప్టెన్ ప్లమ్మర్ అనే అనుభవజ్ఞుడు పాత తవ్వకాల అడుగున అసలైన ఖనిజపు పట్టెను పట్టుకున్నాడు. దానికే ఛాంపియన్ రీఫ్ అని పేరు వచ్చింది. (ఇక్కడి ‘కెప్టెన్’ సైన్యపు హోదా కాదు. ఇంగ్లండులో కార్న్‌వాల్ గనివాళ్ళు తమ మేస్త్రీలను అలా పిలుచుకొనేవారు. ఆ కార్న్‌వాల్ మనుషులే కోలారుకు పెద్దసంఖ్యలో దిగారు.) ఆ తరువాత మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఉరిగాం, నందిదుర్గం, బాలాఘాట్ గనులు వరుసగా పైకి వచ్చాయి. 1901 జనాభా లెక్కల్లో ఆ ఊరి జనం 38,204. ముప్ఫయ్యేళ్ళ కిందట చిట్టడవీ రాళ్ళగుట్టలూ తప్ప ఏమీ లేని చోటది.

ముప్ఫై ఎనిమిది వేల జనం, చుట్టూ ఎక్కడెక్కడి దేశాల మనుషులు. బాలారాట్ లెక్క ప్రకారమైతే వీధివీధికీ ఒక హోటలు లేచి ఉండాలి. లేవలేదు. కారణం నేల అడుగునే ఉంది.

బాలారాట్‌లోనూ క్లాండైక్‌లోనూ తొలినాళ్ళలో దొరికినది వాగుల ఇసుకలోని బంగారం. పార, జల్లెడ ఉన్న ప్రతివాడూ స్వంతదారే. పొద్దుగూకేవేళకు అతని జేబులో సరుకుంటుంది. ఆ సరుకు కోసమే హోటలు వెలుస్తుంది. సారాయి పోసి, పడక వేసి, తూకం రాళ్ళు ముందు పెట్టుకొని కూర్చుంటుంది. కోలారు బంగారం అలాంటిది కాదు. గట్టి రాతిలో, కంటికి కనబడనంత సన్నగా చెదిరి ఉంటుంది. రాతిని నేల అడుగునుంచి పైకి తేవాలి, స్టాంపు మిల్లులో పిండి చేయాలి, పాదరసంతో పట్టాలి, పట్టగా మిగిలిన పిండిని సైనైడుతో మళ్ళీ కడగాలి. ఇందులో కూలివాడి జేబుకు చేరేది బంగారం కాదు, కూలి. అది కూడా చాలాకాలం మేస్త్రీల చేతులమీదుగా, వారి ముదరాలు పోగా అందేది.

పైగా కూలివాడి దగ్గర బంగారం కనబడడమే నేరం. 1897 నాటి మైసూరు గనుల చట్టం ప్రకారం శుద్ధి కాని బంగారమో, పాదరసం కలిసిన ముద్దో ఎవరివద్దనైనా దొరికితే, అది తనకెలా వచ్చిందో చెప్పుకోవలసిన బాధ్యత వాడిదే. గనినుంచి పైకి వచ్చిన ప్రతి మనిషినీ సోదా చేసేవారు. కాపలాకు దూరాన పంజాబు నుంచి మనుషులను తెచ్చి పెట్టారు. చూడండి: డాసన్‌లో పాకీవాడు నేల ఊడ్చి బంగారం కడుక్కోవచ్చు, మారికుప్పంలో రాయి పగలగొట్టినవాడు గోళ్ళ సందుల్లో కూడా దాన్ని ఇంటికి తీసుకుపోరాదు. బంగారం చేతులు మారే చోటనే హోటలుకు పని. కోలారులో అది గనినుంచి నేరుగా కంపెనీ ఖజానాకు, అక్కడనుంచి పెట్టెల్లో రైలుకు, రైలునుంచి ఓడకు పోయేది. మైసూరు సర్కారుకు నూటికి ఐదు వంతు రాయల్టీ, వాటాదారులకు లాభం. మధ్యలో ఆగి ఒక పూట బస చేయడానికి ఆ బంగారానికి వ్యవధి లేదు.

మరి వచ్చినవారు ఎక్కడ దిగేవారు?

దొరల సంగతి సులభం. కంపెనీవారికి బంగళాలున్నాయి. ఎర్ర పెంకుల కప్పు, వెదురు తడికల వరండా, ముందు పూలతోట. ఊరికి వచ్చే ఇంజనీరుకో, లండను నుంచి వచ్చే వాటాదారు ప్రతినిధికో కంపెనీ బంగళాలోనే విడిది. సాయంత్రాలకు క్లబ్బు. కోలారు బంగారు గనుల క్లబ్బు 1885లో పుట్టింది. అంటే ఛాంపియన్ రీఫ్ దొరికిన కాలానికే! గోల్ఫు మైదానం, టెన్నిసు, నాట్యశాల, సారాయి బల్ల, భోజనశాల. ఇంకేం కావాలి? హోటలు చేసే పనులన్నీ క్లబ్బు చేసిపెట్టింది. ఒక్కటే తేడా. హోటల్లో డబ్బున్న ఎవడైనా కాలు పెట్టవచ్చు. క్లబ్బులోకి రావాలంటే డబ్బు చాలదు, చర్మం రంగు కూడా చూపాలి. ఆ కారణానికే కోలారులో దొరలు హోటలు కన్నా క్లబ్బును ఇష్టపడ్డారని నా అభిప్రాయం. తమ దేశంలో పగలంతా నేల అడుగున రాళ్ళు కొట్టిన కార్న్‌వాల్ కార్మికుడు ఇక్కడికి వచ్చేసరికి దొర అయ్యాడు. ఆ దొరతనం నిలబడాలంటే తాగే చోటు వేరుగా ఉండాలి. (అదే రోజుల్లో, 1887లో, బెంగుళూరులో బ్రాన్సన్ అనే ఆవిడ పది గదులతో ఒక భోజనవసతి గృహం తెరిచింది. అదే పెరిగి పెద్దదై నేటి వెస్ట్ ఎండ్ హోటలు అయింది. వందకిలోమీటర్ల దూరంలో బంగారం పండుతూ ఉంటే హోటలు మాత్రం బెంగుళూరులో పండింది.)

కూలివాడి బస మరొక కథ. ఉత్తర ఆర్కాడు, సేలం, ఆనాడు ఆర్కాడు జిల్లాలోనే ఉన్న మన చిత్తూరు సీమల నుంచి కరవు తరిమిన జనం, అందులోనూ అధికభాగం ఊరికి వెలుపల బతికిన మాలమాదిగలు, పరయలు, నడిచీ రైలెక్కీ వచ్చి చేరారు. (చిత్తూరు ప్రత్యేక జిల్లా అయినది 1911లో.) వారికి కంపెనీవారు వేసి ఇచ్చినవి తడిక గుడిసెలు. చీల్చిన వెదురు తడికలే గోడలు, పైన గడ్డి కప్పు. లోపల నిటారుగా నిలబడలేని ఎత్తు. వరుసలు వరుసలుగా ఉండేవి గనుక వాటికి ‘లైన్లు’ అని పేరు. ఆ పేరు నేటికీ పోలేదు. ఒక గుడిసెలో ఒక కుటుంబం, ఆ కుటుంబం నీడన ఊరినుంచి వచ్చిన బావమరుదులు, తోడల్లుళ్ళు, వరుస కలిసినవాళ్ళు. పని దొరికేవరకూ బంధువింటి మూలనే వారి విడిది. పల్లెనుంచి వచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఆ తడిక గుడిసే హోటలు. బాలారాట్‌లో బెంట్లీ డబ్బు తీసుకొని చేసిన పనిని ఇక్కడ ఏ చిత్తూరు ఇల్లాలో రెండు సంగటి ముద్దలు ఎక్కువగా కెలికి చేసింది. చరిత్రలో దీనికి పద్దు ఉండదు. పద్దు పుస్తకం రాసేవారెవరూ అక్కడ లేరు కదా.

ఇక తాగుడు. సారాయి దుకాణాలకు మాత్రం కొరత రాలేదు. వేలం పాట పాడి హక్కు కొనుక్కున్న గుత్తేదారులు లైన్ల అంచునే అంగళ్ళు పెట్టేవారు. కూలి డబ్బు చేతికి వచ్చిన రోజున అవి కిటకిటలాడేవి. కూలిలో కొంత మేస్త్రీకి, కొంత సారాయికి, కొంత వడ్డీవ్యాపారికి పోగా మిగిలినది ఊరికి పంపడం. దీనికి తోడు ప్రభుత్వానికి సారాయి మీద ఆదాయం. బంగారం మీద ఐదు వంతులు తీసుకున్న సర్కారు బంగారం తవ్వినవాడి దాహం మీద కూడా తన వాటా వదులుకోలేదు.

1894లో రైలు వచ్చింది. బౌరింగ్‌పేట జంక్షను నుంచి గనులకు పదిమైళ్ళ కొమ్మదారి వేశారు. మైసూరు కమిషనరుగా పనిచేసిన లూయిన్ బౌరింగ్ పేరిట వెలసిన ఆ పేట జనం నోళ్ళలో పడి బంగారుపేట అయింది. దొర పేరును ఇంత అందంగా మింగేసిన ఊరు మరొకటి లేదేమో! 1902లో కావేరిమీద శివనసముద్రం నుంచి తొంభై రెండు మైళ్ళ తీగెలు లాగి గనులకు విద్యుత్తు తెచ్చారు. బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి ఇంకా మూడేళ్ళు పట్టింది.

ఈ రెంటి నడుమ వచ్చినదే అసలు మలుపు. 1898లో ప్లేగు. బెంగుళూరును ఊడ్చిన మహమ్మారి గనులకూ పాకింది. ఎలుకలకు తడిక గుడిసెలకన్నా అనువైన చోటు ఏముంటుంది? కూలీలు మూటలు కట్టుకొని పల్లెలకు పారిపోతే రాయి ఎవరు కొడతారు? అప్పుడుగాని సర్కారుకూ కంపెనీకీ గాలీ వెలుతురూ గుర్తుకు రాలేదు. శానిటరీ బోర్డు వచ్చింది. గనులకు తూర్పుగా గళ్ళ పలక వేసినట్టు తిన్నని వీధులతో కొత్త పేటను కట్టారు. అప్పటి మైసూరు రెసిడెంటు సర్ డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరున అది రాబర్ట్‌సన్‌పేట. అవతలివైపు ఆండర్సన్‌పేట. బేతమంగలం వద్ద పాలారు నీళ్ళను ఆపి గొట్టాల్లో గనులకు తెచ్చారు. ఆ పాలారే కిందికి వచ్చి మన కుప్పం సీమను తడపవలసిన ఏరు. తడపడం మానేసి చాలాకాలమైంది.

రాబర్ట్‌సన్‌పేట కంపెనీ నేల కాదు. ఇదే ముఖ్యమైన సంగతి. కంపెనీ నేలమీద అంగడి పెట్టాలన్నా, ఇల్లు కట్టాలన్నా, ఎవరినైనా ఇంట పెట్టుకోవాలన్నా కంపెనీ చూపు దాటిపోదు. పేటలో అలా కాదు. అద్దె కట్టి ఎవరైనా కొట్టు తెరవవచ్చు. బట్టల వర్తకులు, ధాన్యపు మండీలవారు, వడ్డీవ్యాపారులు వచ్చారు. వారి వెంట హోటలు వచ్చింది. గదులు గల హోటలు కాదు, మన అర్థంలోని హోటలు. బెంచీలు, రాతిపలక బల్లలు, పొగచూరిన వంటగది, గల్లాపెట్టె దగ్గర విభూతి రేఖలతో యజమాని. మొదట్లో దక్షిణాదిన ఇటువంటి చోటును ‘కాఫీ క్లబ్బు’ అనేవారు. ఈ పేరు నాకు చాలా ఇష్టం. దొరల క్లబ్బు ఉరిగాం మిట్టమీద, మనవాళ్ళ కాఫీ క్లబ్బు పేట వీధిలో.

కాఫీ క్లబ్బుకు పూర్వం మనకు పూటకూళ్ళ ఇళ్ళున్నాయి. అది ప్రాచీన సంస్థే. ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూటింట ఒక్క రూకకు కమ్మని భోజనం పెట్టిన సంగతి చదువరులకు తెలుసు. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలోని పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువాడుండడు. ఆ నాటకం తొలిసారి అచ్చయినది 1897లో, పైన చెప్పిన మైసూరు గనుల చట్టం వచ్చిన సంవత్సరమే. పూటకూళ్ళ ఇంటికీ కాఫీ హోటలుకూ ఉన్న తేడా రుచిలో లేదు. పూటకూళ్ళ ఇల్లు నిజంగా ఇల్లు. అక్కడ తినేవాడు అతిథికి తమ్ముడి వంటివాడు. కులం అడిగి, పంక్తి చూసి వడ్డిస్తారు. హోటలు వీధిలోకి తెరుచుకొని ఉంటుంది. ఎవరు ఏమిటని అడిగే తీరిక సరకు అమ్ముకొనేవాడికి ఉండరాదు. సిద్ధాంతం అది. ఆచరణ వేరు.

మద్రాసు, మైసూరు ప్రాంతాల తొలి కాఫీ హోటళ్ళు చాలావరకు బ్రాహ్మణులు నడిపినవి. ఉడుపివారు, అయ్యర్లు. బ్రాహ్మడి చేతి వంట అయితే అందరూ తింటారన్నది దాని వ్యాపారరహస్యం. ఆ ‘అందరూ’ అన్న మాటలో అందరూ లేరు. బ్రాహ్మణులకు లోపల వేరే గది, మిగిలిన సవర్ణులకు ముందు హాలు, అస్పృశ్యులకు వీధి. మద్రాసు వైపు రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో కూడా బ్రాహ్మణులకు వేరు పంక్తి 1941 దాకా సాగింది. మాంసం తినేవారికి వేరుగా ‘మిలిటరీ హోటళ్ళు’ వచ్చాయి. ఈ మాట మైసూరు సీమలో నేటికీ చెల్లుబాటులో ఉంది. ముస్లిముల టీ అంగళ్ళు కులం అడగలేదు గనుక పనివాళ్ళకు అవే దగ్గరయ్యాయి.

ఇప్పుడు గనుల ఊరి పరిస్థితి ఊహించండి. ఊరి జనంలో అధికసంఖ్య ఎవరైతే, కాఫీ హోటలు గడప దాటరానివారు వారే. పల్లెలో చేలకు దూరంగా బతికినవాడు ఇక్కడికి వచ్చి కూలి నాణేలు చేతబట్టుకున్నాడు. పల్లెలో వాడికి నాణెమే లేదు కనుక గడప ప్రశ్న పుట్టలేదు. ఇక్కడ నాణెముంది, ఆకలుంది, ఎదురుగా హోటలుంది. గడప దగ్గర వాడిని ఆపినప్పుడు కలిగే అవమానం పల్లెలోని అవమానంకంటె వేరైనది. ‘డబ్బిస్తానన్నా పెట్టవా?’ అన్న ప్రశ్న అందులో ఉంది.

ఆ ప్రశ్న ఊరకే పోలేదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలోనే అయోతీదాస పండితుని ప్రభావంతో మారికుప్పంలో, ఛాంపియన్ రీఫులో బౌద్ధ సంఘాలు లేచాయి. గనుల కూలీలు బడులు పెట్టుకున్నారు, పత్రికలు నడుపుకున్నారు. 1930 ఏప్రిల్‌లో, కూలీలందరి వేలిముద్రలూ తీసుకోవాలని కంపెనీ తలపెట్టినప్పుడు, వేలమంది పని ఆపి కూర్చున్నారు. వేలిముద్రలు దొంగలవద్ద తీస్తారు, మేము దొంగలమా అన్నది వారి మాటల సారం. గని ముంగిట సోదా, హోటలు ముంగిట నిషేధం. ఈ రెంటినీ వేరువేరు విషయాలుగా చూసే చరిత్రకారులతో నేను ఏకీభవించలేను. ఒకే మనిషిని ఒకే రోజున రెండు గడపల దగ్గర నిలబెట్టిన సంగతులవి.

1950 జనవరి 26న అమలుకు వచ్చిన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగాన్ని చదివినప్పుడల్లా నేను ఒక మాట దగ్గర ఆగిపోతాను. మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఏ పౌరునికీ ఆటంకం కలిగించకూడని చోట్ల పట్టికలో అంగళ్ళు, బహిరంగ భోజనశాలలు, హోటళ్ళు, వినోదస్థలాలు అని ఉంటుంది; బావులు, చెరువులు ఆ తరువాత వస్తాయి. ఒక దేశపు మౌలిక శాసనంలో ‘హోటలు’ అన్న మాట ఎందుకు రావలసి వచ్చిందో రాబర్ట్‌సన్‌పేటలాంటి ఊళ్ళు చెబుతాయి. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చి హోటల్లోకి రానీయకపోవడాన్ని శిక్షార్హం చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన గడపలు కరిగిపోలేదు. గాజుగ్లాసు ఒకరికి, సీమవెండి లోటా మరొకరికి ఇచ్చే అంగళ్ళను మా ప్రాంతపు పల్లెల్లో నా చిన్నతనంలో కళ్ళారా చూశాను. ఆ లోటాలు చూరుకింద వేరుగా వేలాడేవి. తాగినవాడే కడిగి మళ్ళీ తగిలించాలి.

గనుల్లో మాత్రం మరొక భోజనశాల తలుపు తెరిచింది. 1952 గనుల చట్టం ప్రకారం 250 మందికి పైగా పనిచేసే గనిలో క్యాంటీను ఉండవలసి ఉండేది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను తన చేతికి తీసుకుంది, 1962లో కేంద్రానికి అప్పగించింది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. మూడుకిలోమీటర్లు దాటిన లోతున, రాతివేడి అరవై డిగ్రీలు మించే చోట పనిచేసి పైకి వచ్చిన మనిషికి క్యాంటీను టీ ఎంతటిదో తాగినవాడికే తెలుసు. మా బంధువర్గంలో ఒక పెద్దాయన ఆ గనుల్లో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాడు. ఆయన గని లోతుల గురించి అడిగితే ఒకటి రెండు ముక్కలు చెప్పి ఊరుకొనేవాడు. క్యాంటీను గురించి అడిగితే మాత్రం గంటసేపు చెప్పేవాడు. ఎవరు ఎవరి పక్కన కూర్చొన్నారన్నదే ఆ కబుర్లన్నిటిలోనూ ప్రధానం. అప్పట్లో నాకు అర్థం కాలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. వాటితోపాటే మన చిత్తూరు జిల్లా గుడుపల్లె వైపున్న బిసానత్తం, చిగురుగుంట గనులూ ఆగిపోయాయి. నూట ఇరవై ఏళ్ళలో కోలారు నేలనుంచి తీసిన బంగారం సుమారు 800 టన్నులని లెక్క. మిగిలినవి సైనైడు గుట్టలు. వేసవి గాలికి ఆ బూడిదరంగు పిండి లేచి లైన్ల ఇళ్ళమీద పడుతుంది. 2018లోనూ 2022లోనూ ఆ ఊరి పేరుతో రెండు భాగాలుగా సినిమా వచ్చాక దూరప్రాంతాల పిల్లలు కూడా ఆ మూడక్షరాలను జపించారు. తెరమీద చూపిన కోటకూ, ఈ లైన్లకూ పోలిక వెతకకపోవడమే మేలు.

కిందటి సంవత్సరాల్లో రెండుమూడుసార్లు నేను అక్కడికి పోయినప్పుడు రాబర్ట్‌సన్‌పేటలోనే తిన్నాను. ఇడ్లీ, వడ, సాంబారు. పక్కబల్లమీద తమిళం, ఎదురుబల్లమీద మన కుప్పం తెలుగు, గల్లాపెట్టె దగ్గర కన్నడం. ఒక్కరినీ ఎవరూ ఏమీ అడగలేదు. ఉదయం వేళ ఆ హోటళ్ళలో పెద్దవాళ్ళే కనబడతారు. పనిచేసే వయసువాళ్ళు అప్పటికే ఊళ్ళో ఉండరు. తెల్లవారుజామునే మారికుప్పంలో బయలుదేరే బండ్లు ఉరిగాం, ఛాంపియన్ రీఫుల జనాన్ని ఎక్కించుకొని బెంగుళూరుకు పోతాయి. వేలమంది రోజూ పోయి రాత్రికి తిరిగి వస్తారు. బెంగుళూరులో గది అద్దెకు తీసుకొనే స్తోమత లేక, లైన్లలోని ఇల్లు వదులుకోలేక. ఆ పెట్టెల్లో సామాను పెట్టుకొనే కమ్ములకు వరుసగా టిఫిను క్యారియర్లు తగిలించి ఉంటాయి.